చూచి నేర్చుకొనుట: ఆటిజం గల పసిపిల్లల సంగతి
(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాది నాడు పంచాంగ శ్రవణం అయిన తరువాత భాషను గురించో, సాహిత్యాన్ని గురించో ఒకరు మాట్లాడడం మన సంఘంలో ఆనవాయితీ. ఈసారి పసిపిల్లలను గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. మాట ఆలస్యమైన పిల్లలకు మాట నేర్పే పనిలో చాలా సంవత్సరాలుగా ఉన్నదాన్ని గనుక నాకు తెలిసినంతలో మనవి చేస్తాను. పండుగ పూట ఇదేమి విషయమని ఎవరూ అనుకోవద్దు. బిడ్డను గురించి బెంగపడే తల్లికి పండుగ పూటా ఆ బెంగ ఉంటుంది.

మన చిన్నప్పుడు బడిలో చూచిరాత పుస్తకం ఉండేది. పై వరుసలో అక్షరాలు ముత్యాలవలె అచ్చువేసి ఉండేవి. వాటిని చూస్తూ క్రింది వరుసలు నింపేవాళ్ళం. ఆలోచిస్తే మనిషి నేర్చుకొనేదానిలో చాలా భాగం చూచిరాతే. “జేజకు దండం పెట్టు” అని అమ్మమ్మ చేతులు జోడించి చూపిస్తుంది. నాలుగు రోజులు పోయాక ఏడాది బిడ్డ తానూ చేతులు జోడిస్తాడు. రెండేళ్ళ పిల్ల చీపురు లాక్కొని ఇల్లు ఊడుస్తానంటుంది. తాతగారి కళ్ళజోడు పెట్టుకొని, పత్రికను తలక్రిందులుగా పట్టుకొని చదువుతుంది. వీరికి ఎవరు పాఠం చెప్పారు? మన పిల్లలు వీధిలో ఆడుకొంటూ కన్నడం పట్టుకొన్నదీ ఇట్లాగే గదా!

ఈ అనుకరణలో రెండు పనులు ఇమిడి ఉన్నవి. ఒకటి, పని నేర్చుకోవడం. రెండవది, “నేనూ నీ వంటివాణ్ణే, నీ తోటివాణ్ణే” అని ఎదుటివారికి తెలియజేయడం. తాతగారి కళ్ళజోడు పెట్టుకొన్న పిల్లకు చదువు అక్కరలేదు, తాతగారు కావాలి. ఈ రెండవ పనిని మనం సాధారణంగా గమనించము. ఆటిజం గల పిల్లల విషయంలో దీనిని గమనించకుండా ఒక్క అడుగు కూడా ముందుకు పోలేము.

ఈ గుణం పుట్టుకతోనే వస్తుందా అనే ప్రశ్న ఇంకా తేలలేదు. పుట్టి రెండు మూడు వారాలైన శిశువు కూడా పెద్దలు నాలుక చాపితే తానూ చాపుతుందని మెల్ట్‌జాఫ్, మూర్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు 1977లో ప్రకటించారు. 2016లో ఆస్ట్రేలియాలో నూరుమందికి పైగా శిశువులను పరిశీలించినవారికి ఆ ఫలితం కనిపించలేదు. ఏమైనా, రెండవ ఏడు వచ్చేసరికి సాధారణంగా బిడ్డ చూచినదల్లా చేయబోతాడనే మాట మనందరికీ అనుభవమే.

ఇక ఆటిజం అంటే ఏమిటి? 1943లో అమెరికాలోని బాల్టిమోరు నగరంలో లియో కానర్ అనే వైద్యుడు 11మంది పిల్లలను గురించి ఒక వ్యాసం ప్రకటించాడు. వారు తమలో తాము ఉండేవారు, మనుషులకంటె వస్తువులను ఎక్కువ పట్టించుకొనేవారు, అలవాటైన క్రమం తప్పితే తల్లడిల్లిపోయేవారు, విన్న మాటలనే తిరిగి పలికేవారు. ఈనాడు ఆ పేరు క్రింద ఎంతో తేడాగల పిల్లలు వస్తారు. కొందరికి మాట అసలే రాదు, కొందరు ధారాళంగా మాట్లాడుతారు. కొందరికి చదువు బాగా అబ్బుతుంది, కొందరికి జీవితాంతం ఒకరి తోడు కావలసి వస్తుంది.

తల్లి ప్రేమ చూపనందువల్లే బిడ్డ ఇట్లా అయినాడని ఒకప్పుడు వైద్యులే వ్రాశారు. ఆ మాట ఎన్ని ఇళ్ళలో ఎందరు తల్లులను కాల్చిందో చెప్పలేము. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, తానూ అటువంటి కొడుకు గల తండ్రి, ఆ వాదం తప్పని, ఇది మెదడు ఎదుగుదలకు సంబంధించినదని ఒక గ్రంథం వ్రాశాడు. తరువాత జరిగిన పరిశోధన ఆయన మాటనే నిలబెట్టింది. కనుక మన ఇళ్ళలో కోడలిని, ఆమె పుట్టింటిని, ఆమె ఉద్యోగాన్ని, గ్రహాలను నిందించడం మానుకోవలెను. నిందవల్ల బిడ్డకు ఒక్క మాట కూడా రాదు.

అనుకరణ విషయానికి వద్దాము. “మావాడు ఏదీ చూచి నేర్చుకోడండీ” అని తల్లిదండ్రులు చెబుతారు. ఆ మాటలో కొంత నిజం ఉన్నది. 2014లో 53 పరిశోధనలను ఒకచోట చేర్చి లెక్కచూసినప్పుడు, ఆటిజం గలవారు సగటున ఇతరులకంటె తక్కువగా అనుకరిస్తారని తేలింది. సగటు అంటే అందరూ అని కాదు. అనుకరణలన్నీ వారికి ఒకే విధంగా కష్టమూ కావు. చేతిలో వస్తువు ఉండి, దానితో ఏదో జరిగే పని, అనగా గంట మ్రోగించడం, మీట నొక్కితే దీపం వెలగడం వంటివి, చాలామందికి తేలిక. వట్టి చేతులతో, ముఖంతో చేసేవి, అనగా టాటా చెప్పడం, బుగ్గలు పూరించడం వంటివి, కష్టం.

2013లో ఇంగ్లండులో కొందరు పరిశోధకులు ఒక ముచ్చటైన పరీక్ష చేశారు. పెట్టెలో ఒక బొమ్మను పెట్టి, పెట్టె తెరిచి తీసి చూపించారు. తీసేటప్పుడు మూతమీద తట్టడం వంటి అక్కరలేని పని ఒకటి కలిపారు. మామూలు పిల్లలు చాలామంది ఆ అక్కరలేని పనినీ చేశారు. ఆటిజం గల పిల్లలు దానిని చాలావరకు వదిలేసి, తిన్నగా బొమ్మను తీసుకొన్నారు. ఎవరు తెలివిగలవారు? బొమ్మే కావాలంటే రెండవవారే. అయితే మామూలు పిల్లలు తట్టినది బొమ్మకోసం కాదు, ఎదుట కూర్చున్న మనిషికోసం. 1999లో హాబ్సన్, లీ అనేవారు చేసిన పరిశీలనలోనూ ఇటువంటిదే కనిపించింది. ఆటిజం గల బాలలు చూపిన పనిని చేశారు గాని, చూపినవారు దానిని మెల్లగా చేశారా, విసురుగా చేశారా అన్న తీరును అంతగా పట్టించుకోలేదు.

మరొక సంగతి చూడండి. “ఏదీ చూచి నేర్చుకోడు” అనే ఆ బిడ్డే టెలివిజనులో వచ్చే సబ్బు ప్రకటనను రాగంతో సహా అప్పగిస్తాడు. దాహం వేసినప్పుడు “నీళ్ళు కావాలా?” అని తల్లి అడిగే స్వరంతోనే అడుగుతాడు. ఇది అనుకరణ కాదా? మొన్నమొన్నటిదాకా దీనిని పనికిమాలిన చిలకపలుకు అనుకొని మాన్పించేవారు. 1981లో ప్రైజాంట్, డూకాన్ అనే పరిశోధకులు ఇటువంటి పలుకులను ఓపికగా పరిశీలించి, వాటిలో అడగడం, ఔననడం, మాటకు తన వంతు అందుకోవడం వంటి పనులు ఉన్నవని చూపించారు. కనుక “నీళ్ళు కావాలా?” అన్న బిడ్డను “నన్నే అడుగుతావేమిరా?” అని గద్దించకూడదు. గ్లాసు అందిస్తూ, వాడు అనవలసిన మాటను వాడి తరఫున “నీళ్ళు కావాలి” అనవలెను. అదే వాడికి పై వరుస.

మరి ఇటువంటి పిల్లలకు అనుకరణ నేర్పవచ్చునా? 1966లో కాలిఫోర్నియాలో లోవాస్ అనే ఆయన, ఆయన సహచరులు, మాటలేని ఇద్దరు బాలురకు మాటలను అనుకరించడం నేర్పినట్లు ప్రకటించారు. ఎదురుగా కూర్చోబెట్టి, ఒక శబ్దం పలికి, బిడ్డ దానికి దగ్గరగా పలికినప్పుడు తినడానికి ఒక ముద్ద పెట్టేవారు. వీరికి ఏమీ రాదని అందరూ చేతులెత్తేసిన కాలంలో అది గొప్ప విషయమే. కాని ఆ రోజుల్లో అదే పనిలో చెంపదెబ్బలు, విద్యుత్తు దెబ్బలు కూడా వాడారు. అవి తలచుకొంటే ఈనాడు ఒళ్ళు జలదరిస్తుంది. దెబ్బల మాట అట్లా ఉంచినా, మరొక లోపం కూడా బయటపడింది. బల్లముందు “ఇట్లా చెయ్యి” అంటే చేసే బిడ్డ, బల్ల దిగిన తరువాత అక్కను చూచి, అమ్మను చూచి తానంతట తాను చేయడం అరుదుగా ఉండేది. పని వచ్చింది గాని, ఇందాక నేను మనవి చేసిన ఆ రెండవది రాలేదు.

ఇక్కడే కొందరు పరిశోధకులు దారి తిప్పారు. బిడ్డ మనలను అనుకరించే ముందు మనమే బిడ్డను అనుకరిస్తే ఎట్లా ఉంటుంది? 1984లో డాసన్, ఆడమ్స్ అనేవారు ఈ పని చేసి చూశారు. పెద్దవారు తమను అనుకరిస్తున్నప్పుడు, అంతవరకు ఎవరినీ పట్టించుకోని పిల్లలు ఎదుటివారివైపు ఎక్కువగా చూశారు, ఎక్కువగా స్పందించారు. 2006లో బ్రూక్ ఇంగర్‌సోల్, లారా ష్రైబ్‌మన్ అనే ఇద్దరు పరిశోధకురాళ్ళు ఈ సూత్రంమీదనే ఆటలో అనుకరణ నేర్పే పద్ధతిని అయిదుగురు పసిపిల్లలతో ప్రయత్నించి ప్రకటించారు. ముందు బిడ్డను మనం అనుకరించడం, తరువాత మనలను బిడ్డ అనుకరించడం, మళ్ళీ మనం, ఇచ్చి పుచ్చుకోవడమన్నమాట. చూచిరాతలో పై వరుసను కొన్నాళ్ళు బిడ్డనే వ్రాయనివ్వండి అని నేను తల్లులకు చెబుతుంటాను.

ఇంట్లో దీనిని ఎట్లా చేయవలెనో చెబుతాను. దీనికి ఖరీదైన బొమ్మలు అక్కరలేదు. ఏ వస్తువైనా రెండేసి ఉండవలెను: రెండు స్టీలు గ్లాసులు, రెండు గరిటెలు, రెండు డబ్బా మూతలు, రెండు బంతులు. ఒకటి వాడికి, ఒకటి మీకు. పొయ్యిమీద ఏమీ లేని వేళ, ఇంట్లో గోల తగ్గిన వేళ, పది పదిహేను నిమిషాలు నేలమీద వాడి ఎదుట కూర్చోండి. మీ ముఖం వాడి ముఖానికి సమానమైన ఎత్తులో ఉండవలెను. “నావైపు చూడు” అని గడ్డం పట్టి త్రిప్పవద్దు.

వాడు మూతను గిరగిర త్రిప్పుతాడు. మామూలుగా మనం ఏమి చేస్తాము? “మళ్ళీ మొదలుపెట్టావా?” అని లాగేస్తాము. ఇప్పుడు లాగవద్దు. మీ మూతను మీరూ త్రిప్పండి. వాడు ఆపితే మీరూ ఆపండి. వాడు “ఊఁ” అంటే మీరూ “ఊఁ” అనండి. జరుగుతున్నదానికి చిన్న చిన్న మాటలు కలపండి: “తిరుగుతోంది... తిరుగుతోంది... పడిపోయింది!” కథలు చెప్పవద్దు, ప్రశ్నలు గుప్పించవద్దు. తలబాదుకోవడం, కొరకడం, విసిరికొట్టడం వంటివి మాత్రం అనుకరించకూడదు, తక్కినవన్నీ అనుకరించవచ్చును.

కొన్ని రోజులకు ఒక వింత జరుగవచ్చు. వాడు మూత త్రిప్పి, ఆగి, మీ మూతవైపు చూస్తాడు. ఆ తరువాత ఒకసారి మీ ముఖంవైపు చూస్తాడు. త్రిప్పుతాడు, మళ్ళీ చూస్తాడు, “ఈమె చేస్తుందా?” అని పరీక్షిస్తున్నాడన్నమాట. ఈ చూపు కోసమే ఇంత పాటు. ఇప్పుడు మీ వంతు. వాడికి ఇష్టమైన ఆ మూతతోనే ఒక క్రొత్త పని చేసి చూపండి: మూతమీద గరిటెతో కొట్టండి, “టంగ్!” అనండి. వాడు చేయకపోతే మరి రెండుసార్లు చూపండి. అప్పటికీ చేయకపోతే చేయి మెల్లగా పట్టి ఒక్కసారి చేయించి, మెచ్చుకొని, మళ్ళీ వాడి ఆటకే వెళ్ళండి. చేయి పట్టుకోవడం వాడికి ఇష్టం లేకపోతే అదీ వద్దు. వస్తువులతో చేసేవి వచ్చిన తరువాత చప్పట్లు, టాటా, దండం వంటి వట్టి చేతి పనులకు పోవచ్చును.

ఈ పద్ధతులను విశాలమైన ప్రణాళికలో చేర్చి, ఏడాదిన్నర మొదలు రెండున్నర ఏళ్ళ లోపు 48మంది పిల్లలపై అమెరికాలో పరిశీలించి 2010లో ప్రకటించారు. రెండేళ్ళ శిక్షణ పొందినవారికి మాటలోను, నిత్యకృత్యాలలోను తక్కినవారికంటె ఎక్కువ అభివృద్ధి కనిపించింది. అయితే అది శిక్షణ పొందినవారు వారానికి ఎన్నో గంటలు చేసిన పని. తరువాతి పరిశీలనలలో అంత పెద్ద ఫలితం అన్నిచోట్లా రాలేదు. మనకు దగ్గరగా, గోవాలోను, పాకిస్థానులోని రావల్పిండిలోను 65మంది పిల్లలతో జరిగిన పరిశీలన 2016లో వెలువడింది. అక్కడ పెద్ద డాక్టర్లు కాదు, తర్ఫీదు పొందిన ఆరోగ్య కార్యకర్తలే ఇళ్ళకు వెళ్ళి, తల్లిదండ్రులు బిడ్డతో ఆడే ఆటను వీడియో తీసి, వారికే చూపించి, బిడ్డ ధోరణిని అనుసరించడం నేర్పారు. తల్లిదండ్రుల తీరు మారింది. పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది. దీనినిబట్టి మామూలు ఇళ్ళలో, మామూలు మనుషులతో కూడా కొంత సాధ్యమేనని తెలుస్తున్నది.

ఇక్కడ మన వంటి ప్రవాసాంధ్ర కుటుంబాలకు ప్రత్యేకంగా సంబంధించిన ప్రశ్న ఒకటి ఉన్నది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బడిలో ఇంగ్లీషు. “ఇన్ని భాషలతో బిడ్డ తికమకపడుతున్నాడు, ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడండి” అని సలహా ఇచ్చేవారు ఉన్నారు. భయంతో ఆ సలహా పాటించిన కుటుంబాలను నేను ఎరుగుదును. ఈ సలహాకు ఆధారం లేదు. 2012లో హ్యాంబ్లీ, ఫోంబోన్ అనేవారు కెనడాలో ఆటిజం గల 75మంది పిల్లలను పరిశీలించి, ఒక భాషలో పెరిగినవారికంటె రెండు భాషల మధ్య పెరిగినవారు మాటలో వెనుకబడి లేరని చూపించారు. తరువాతి పరిశీలనలు కూడా ఇంచుమించు అదే మాట చెప్పినవి.

ఆలోచించండి. బిడ్డ అనుకరించవలసినది నిఘంటువును కాదు, మనిషిని. తల్లి నోట అలవోకగా వచ్చే మాటకు ఒక రాగం ఉంటుంది, ఒక నవ్వు ఉంటుంది. రాని భాషలో కూడబలుక్కొని మాట్లాడితే అవి పోతవి, మాటలూ తగ్గిపోతవి. ఇక ఇంట్లో తెలుగు తప్ప మరొకటి రాని అమ్మమ్మ సంగతి ఏమిటి? మనుమడితో మాట్లాడవద్దంటే ఆమె మూలకు కూర్చుంటుంది. అసలే అనుకరించడానికి మనుషులు కరువైన బిడ్డకు ఉన్న ఒక మనిషిని మనమే తీసివేసినట్లు అవుతుంది. మీ తెలుగులో కన్నడం కలిసి ఉన్నదా? ఉండనివ్వండి. మీరు మాట్లాడే తెలుగే మీ బిడ్డకు తెలుగు.

ఇంకొక హెచ్చరిక. ఇదంతా బిడ్డను పదిమందిలో మామూలుగా కనిపించేట్లు చేయడానికి కాదు. ఆటిజం గలవారు పెద్దవారై తమ అనుభవాలు తామే వ్రాస్తున్న కాలమిది. ఇతరులను చూచి నటిస్తూ, తమ స్వభావాన్ని దాచుకొంటూ బ్రతకడం ఎంత అలసటో వారిలో చాలామంది చెప్పారు. సంతోషం వచ్చినప్పుడు చేతులు ఆడించే బిడ్డ చేతులను కట్టివేయనక్కరలేదు. గ్లాసు పట్టుకొని త్రాగడం, చొక్కా తొడుక్కోవడం, కావలసినది చూపి అడగడం, వద్దని చెప్పడం, తోటి బిడ్డతో బంతి ఆడడం – వాడికి ఉపయోగపడేవి నేర్పుదాము. ఎంత చేసినా కొందరికి మాట రాకపోవచ్చును. వారికి బొమ్మలు చూపి అడగడం, సైగలు, యంత్ర సహాయం ఉన్నవి. అదీ మాటే.

ఎప్పుడు అనుమానపడవలెను? ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, టాటా, దండం వంటివి చేయకపోయినా, వేలు పెట్టి చూపకపోయినా, పదహారు నెలలకు ఒక్క మాట రాకపోయినా, వచ్చిన మాటలు పోయినా ఆలస్యం చేయవద్దు. “మగపిల్లలకు మాట ఆలస్యమే, వాళ్ళ నాన్నకూ నాలుగేళ్ళకు వచ్చింది” అనే పెద్దల మాట నమ్మి రెండేళ్ళు పోగొట్టుకోవద్దు. ముందు వినికిడి పరీక్ష చేయించండి. మనకు మైసూరులో 1965లో స్థాపించిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ, బెంగుళూరులో నిమ్‌హాన్స్ ఉన్నవి. ఈ సంచిక చదివే మద్రాసు ప్రాంతపు బంధువులకు ముట్టుకాడులోను, తెలంగాణ వైపు వెళ్ళేవారికి సికింద్రాబాదులోను కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఉన్నవి. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టంలోను, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోను ఆటిజం చేరి ఉన్నది. బడిలో చేర్చుకోమని అడగడం దయ కోసం చేయిచాపడం కాదు, హక్కు.

చివరగా మన సంఘానికి ఒక మనవి. పిల్లల పాటలు, పద్యాలు, నృత్యాలు జరిగే ఇటువంటి సభలకు కొన్ని కుటుంబాలు రావడం మానుకొన్నవి. మైకు చప్పుడుకు బిడ్డ చెవులు మూసుకొని ఏడుస్తాడని, నలుగురూ తిరిగి చూస్తారని వారి భయం. వచ్చే పండుగకు హాలు ప్రక్కన ఒక నిశ్శబ్దమైన గది, అందులో ఒక చాప, రెండేసి ఆటవస్తువులు ఏర్పాటు చేయమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. ఖర్చు ఏమంత కాదు. మీ పిల్లలను కూడా ఆ గదిలోకి పంపండి. “వాడిని ఆడించండి” అని మాత్రం చెప్పవద్దు. “వాడు ఆడినట్లు మీరూ ఆడండి” అని చెప్పి పంపండి. పిల్లలు మనకంటె త్వరగా నేర్చుకొంటారు.

 ఈ క్రొత్త సంవత్సరం అన్ని ఇళ్ళ పిల్లలకు శుభం చేకూర్చుగాక అని కోరుతూ సెలవు తీసుకొంటున్నాను. నమస్కారం.